మడి బాకీ

ఈ వారం శాంతిపురం దాటి కుప్పం వైపు పోతుంటే, కోతలైన మడుల్లో గడ్డి మోపులు ట్రాక్టరుకెత్తుతున్నారు. చూసి కడుపు నిండింది. పంజాబులో కోతలైతే కొయ్యలకు నిప్పు పెడతారు. మిషన్ కోత వచ్చినాక తెలంగాణలో, మన డెల్టాల్లో కూడా ఆ అలవాటు పాకింది. పాడితో బతికే మా పక్క గడ్డి కాల్చడమంటే ఆవు నోటి కాడ కూడు లాగేయడమే.

కానీ లెక్క వేస్తే ఆ సంతోషం నిలవలేదు. టన్ను వరిగడ్డిలో 5 నుంచి 8 కిలోల నత్రజని, 14 నుంచి 20 కిలోల పొటాష్ ఉంటాయి. కాలిస్తే నత్రజని దాదాపు అంతా గాలిపాలే, పొటాష్ మాత్రం చాలామటుకు బూడిదగా ఆ మడిలోనే పడుతుంది. మనం గడ్డి ఎత్తుకుపోయిన మడికి అదీ దక్కదు.

ఆ లోటు మునుపు ఎట్లా తీరేదో చెప్పాలంటే కానుగాకు ముచ్చట మళ్లీ ఎత్తాలి, పాత పాఠకులు ఓర్చుకోవాలి. మా చిన్నప్పుడు నాట్లకు ముందు కానుగ కొమ్మలు నరికి మోపులుగా తెచ్చేవాళ్లు. మోకాటిలోతు బురదలో ఆకు తొక్కడానికి పిల్లలం పోటీపడేవాళ్లం. మడి నల్లబడి, మాగిన కంపు కొట్టినాకే పెద్దవాళ్లు నాటు మొదలుపెట్టేవాళ్లు. చెరువు ఎండితే ఒండ్రు తోలేవాళ్లు. కోతలైనాక గొర్రెల మంద కట్టించేవాళ్లు. గడ్డి కొట్టానికి పోయినా, దాని బాకీ ఇన్ని దారుల్లో మడికి ముట్టేది.

ఇప్పుడు దిబ్బెరువు టమోటాకు, మల్బరీకి పోతోంది. మడి వంతుకు మిగిలింది 45 కిలోల యూరియా మూట. అందులో 46 శాతం నత్రజని ఉంది, పొటాష్ చిటికెడు కూడా లేదు. పొటాష్ మూట ధర దానికి ఎన్నో రెట్లు కాబట్టి కొనేవాళ్లు తక్కువ. 2025లో హంద్రీ-నీవా నీళ్లు కుప్పం దాకా వచ్చాయి. నీళ్లుంటే మడికి రెండో పంట, ఆ గడ్డీ బయటికే.

యూరియా అంటే నాకు కోపమే. అయినా ఈసారి దాని తరఫున ఒక మాట చెప్పాలి. వరి కొయ్యల్లో నత్రజని తక్కువ. వాటిని దున్నేస్తే కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాక్కుంటాయి, వెంటనే నాటిన పైరు పసుపుబారుతుంది. అక్కడ కొద్దిపాటి యూరియా చల్లితే మేలే జరుగుతుంది.

గడ్డి పశువులకే పోనీండి. కోసేటప్పుడు జానెడు కొయ్య వదలండి, తేమ ఆరకముందే దున్నండి, నాట్లకు రెండు మూడు వారాలు ఎడం ఉంచండి. దిబ్బ తవ్విన రోజు మొదటి బండి మడికి తోలండి, టమోటాకు రెండోది.