గొంతు మడతల్లో ముల్లు

వానలు పడితే ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో ఇలిష్ బేరాలు జోరందుకుంటాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కొలువుల కోసం తరాల కిందట వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఆ చేప కొత్త కాదు. గోదావరికి ఎదురీదితే పులస, హుగ్లీకి ఎదురీదితే ఇలిష్. రుచి ఎంతో ముల్లూ అంత. వెంట్రుకలా సన్నం, పులుసులో కంటికి ఆనదు.

ముల్లు గుచ్చుకోగానే ఇంట్లో పెద్దవాళ్లు అన్నం ముద్ద నమలకుండా మింగమంటారు. ఒక్కోసారి పోతుంది కూడా, అందుకే ఆ నమ్మకం నిలిచింది. పోనప్పుడు మాత్రం ముద్ద దాన్ని ఇంకా లోతుకు దించుతుంది. ఈ వైద్యం మానాల్సిందే.

ముల్లు సాధారణంగా టాన్సిల్‌లోనో, నాలుక మొదట్లోనో, స్వరపేటికకు అటూ ఇటూ ఉండే చిన్న గుంటల్లోనో దిగుతుంది. సన్నముల్లు ఎక్స్‌రేకు చాలాసార్లు చిక్కదు, కంటితో వెతకాలి. డాక్టరు నాలుకను గాజుగుడ్డతో పట్టి లాగి, ఆవిరి పట్టకుండా వెచ్చజేసిన చిన్న అద్దాన్ని లోపలికి పెడతారు. ఇప్పుడైతే ముక్కులోంచి సన్నని కెమెరా పంపుతారు. 1854లో ఇలాంటి అద్దంతో తన స్వరపేటికను తానే చూసుకున్న మాన్యుయెల్ గార్సియా వైద్యుడు కాదు, సంగీతం మాస్టారు!

ఆ చూపుకు చేతి నేర్పు తోడైతే ఏం జరుగుతుందో అమెరికాలో షెవలియర్ జాక్సన్ అనే వైద్యుడు చూపించారు. నోరు తెరుచుకున్న పిన్నీసును అలాగే లాగితే గొంతు చీలుతుంది. దాన్ని లోపలే మూసి బయటికి తీసే పనిముట్లు తయారుచేశారు. రోగుల నుంచి అలా బయటికి తీసి ఆయన దాచిన 2,374 వస్తువులు ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో ఉన్నాయి.

గొంతులో తిన్నది చిక్కుకునే చోటు ఇంకొకటి ఉంది. ముసలితనంలో కొందరికి గొంతు వెనక కండరాల మధ్య పొర ఉబ్బి సంచి ఏర్పడుతుంది. దీన్ని మొదట వర్ణించినవాడు బ్రిస్టల్ వైద్యుడు అబ్రహాం లడ్లో. ఆయన రోగి ఒక చెర్రీ గింజ గొంతులో ఇరుక్కున్న నాటి నుంచి బాధపడ్డాడు. 1877లో జెంకర్ అనే వైద్యుడు ఇలాంటి రోగుల వివరాలు పోగుచేయడంతో సంచికి ఆయన పేరే నిలిచింది. అన్నం మెతుకులు, మాత్రలు అందులో చిక్కుకుంటాయి.

రిటైరైన తాతగారు చేప వదిలి చారన్నానికి దిగితే వయసు మీద నెట్టేయకూడదు. మధ్యాహ్నం తిన్నది రాత్రి నోట్లోకి వస్తోందా, పడుకుంటే దగ్గు వస్తోందా అని అడగాలి. అనుమానం ఉంటే డాక్టర్లు ముందు బేరియం తాగించి ఎక్స్‌రే తీయిస్తారు. సంచి ఉందని తెలియకుండా లోపల చూసే గొట్టం దించితే దాని పల్చని గోడకు చిల్లు పడే ప్రమాదం ఉంది.