స్వయంగా నేర్చిన గీతకు గురువు చూపు: శ్రీకాళహస్తి కలంకారీ

ఎవరి దగ్గరా శిష్యరికం చేయకుండా సొంతంగా బొమ్మలు గీయడం నేర్చుకున్న చిత్రకారుడు శ్రీకాళహస్తి కలంకారీని చేపట్టినప్పుడు, అతని గీత ఎంత పొందికగా ఉన్నా, ఈ విద్యలో పెద్ద భాగం గుడ్డకూ నీటికీ ఎండకూ సంబంధించినదని గ్రహించవలసి వస్తుంది. చెక్క అచ్చులతో అద్దే మచిలీపట్నం పద్ధతికి భిన్నంగా ఇక్కడ బొమ్మంతా కలంతోనే గీస్తారు కాబట్టి, గీసే చేతికి రంగుల స్వభావం కూడా తెలిసి ఉండాలి.

ఉతికి గంజి పోగొట్టిన నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెట్టడంతో పని మొదలవుతుంది; కరక్కాయలోని వగరు నల్లరంగు నిలవడానికి తోడ్పడితే, పాలలోని కొవ్వు ఆ రంగు పక్కలకు పాకకుండా ఆపుతుంది. చింతపుల్లలను కాల్చిన బొగ్గుతో రూపురేఖలు వేసుకుని, వాటిమీద కసిమితో, అంటే ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన ద్రవంతో, నల్లని గీతలు గీస్తారు. మొనకు కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగించిన వెదురు పుల్లే కలం. ఉన్నిని వేళ్లతో నొక్కినదాన్ని బట్టి రంగు దిగుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీరు పూసి, మిగులు పటిక పోయేలా పారే నీటిలో జాడించి, మంజిష్ఠ, చిరివేరు వంటి రంగు వేళ్లతో కలిపి ఉడికిస్తారు. ఆపైన పేడనీటితో, ఎండతో గుడ్డను తెల్లబరచి, మళ్లీ పాలు పట్టించి, పసుపు, నీలి రంగులు వేస్తారు.

ఈ క్రమంలో ఒక దశలో జరిగిన లోపం చాలావరకు మరో దశలోనే బయటపడుతుంది. పాలు సరిగా పట్టకపోతే గీత గీసేటప్పుడు చెదురుతుంది. పటికను సరిగా జాడించకపోతే ఉడికించాక ఎరుపు హద్దు దాటుతుంది. కసిమిలో ఇనుము మితిమీరితే కాలక్రమంలో గుడ్డే చివికిపోతుంది. ఒంటరిగా సాధన చేసేవాడు ఫలితాన్ని చూడగలడు కానీ, దాని మూలం ఏ దశలో ఉందో పోల్చుకోలేక, బాగున్న పనిని మార్చి చెడ్డదాన్ని అలాగే ఉంచే ప్రమాదం ఉంది. గురువు చేసే మొదటి మేలు ఈ కార్యకారణాలను కలిపి చూపడమే. కసిమి పదునెక్కిందా, గుడ్డ తగినంత ఆరిందా అన్నవి కొలతలకు పూర్తిగా లొంగే విషయాలు కావు. పక్కన కూర్చుని, చూసి, తాకి తెలుసుకోవలసినవి.

ఆదరణ తగ్గి ఈ కళ కనుమరుగయ్యే స్థితికి చేరినప్పుడు, హస్తకళల పునరుద్ధరణకు కృషి చేసిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం ఏర్పడటం, అక్కడ జొన్నలగడ్డ లక్ష్మయ్య శిష్యులకు నేర్పడం ఈ కారణంగానే కీలకమయ్యాయి. ఆయన కుమారుడు, తండ్రి వద్దనే ఈ విద్య నేర్చిన గుర్రప్ప శెట్టి, 2008లో పద్మశ్రీ అందుకున్నారు.

రూపకల్పనలో మాత్రం గురువు మరింత సంయమనం పాటించాలి. నడుమ పెద్ద చిత్రం, చుట్టూ వరుసలుగా కథా ఘట్టాలు, వాటి కింద తెలుగు రాత ఉండే సంప్రదాయ కూర్పును వివరించి, ఏ ఘట్టానికి ఎంత చోటు కావాలో, చూపు ఎటు నడవాలో చర్చించడం శిష్యునికి బలమిస్తుంది. గురువు తన బొమ్మనే ఇచ్చి నకలు తీయిస్తే, ఆ శిష్యుడు సొంతంగా తెచ్చుకున్న గీత అణగిపోతుంది. స్వయంగా నేర్చినవాడికి ఉండే విలువైన ఆస్తి తనదైన చూపు కాగా, అతనికి లేనిది పదార్థాల గురించి తరతరాలుగా కూడిన అనుభవం. మొదటిదాన్ని కాపాడుతూ రెండవదాన్ని అందించి, తన పనిలోని తప్పు ఎక్కడ పుట్టిందో శిష్యుడే కనిపెట్టగలిగే స్థాయికి చేర్చినప్పుడే గురుత్వం సార్థకమవుతుంది. కలంకారీ వంటి కళలు కొత్త చేతుల్లో నిలదొక్కుకోవాలంటే నమూనాలను భద్రపరచడంతో పాటు, ఇలా నేర్పగల గురువులకు తగిన గౌరవం, జీవనాధారం, తీరిక కల్పించడమూ అవసరం.