మెదడు జవాబు: లెక్కలో వచ్చిన చిక్కు

తలకు గట్టి దెబ్బ తగిలి, కళ్లు తెరచి వున్నా పిలిస్తే పలకక, చెయ్యి ఎత్తమంటే ఎత్తక నెలల తరబడి పడివుండే రోగులున్నారు. వారికి తెలివి వున్నదా? మంచము ప్రక్క నిలబడిన వైద్యునికి కనబడేది కదలిక మాత్రమే. కదలిక లేనంతమాత్రాన తెలివి లేదనలేము. ఈ రెంటిని విడదీయుటకు డేమియన్ క్రూజ్ బృందము చేసి, 2011లో 'లాన్సెట్' పత్రికలో ప్రకటించిన పరిశోధన చర్చింపదగినది.

పద్ధతి తేలికయే. తలపై ఎలక్ట్రోడులు అమర్చి, కుడిచేతి పిడికిలి బిగిస్తున్నట్లు కొంతసేపు, కాలివ్రేళ్లు కదుపుతున్నట్లు కొంతసేపు ఊహించమని చెప్పినారు. రెండు ఊహలకు మెదడులోని విద్యుత్తరంగాలు రెండు తీరులుగా మారాలి. కంప్యూటరు ఆ తేడాను గుర్తిస్తే, రోగి మాట విని, అర్థము చేసికొని, దానిపై ధ్యాస నిలిపినాడన్నమాట. 16 మంది రోగులలో ముగ్గురికి ఈ తేడా కనబడినదని వారు వ్రాసినారు.

2013లో అదే పత్రికలో గోల్డ్‌ఫైన్ మొదలైనవారు ఆ కొలతలనే తిరిగి లెక్కించి ఆక్షేపణ తెలిపినారు. (కొలతలను విమర్శకుల చేతికిచ్చిన మొదటి బృందమును మెచ్చుకోవాలి.) వెంటవెంటనే తీసిన కొలతలు ఒకదానినొకటి పోలివుంటాయి. ఒకే సాక్షి పదిమార్లు చెప్పినంతమాత్రాన పదిమంది సాక్షులు కారు గదా! దీనిని సవరించి లెక్కిస్తే ఏ రోగి ఫలితమూ నిలువలేదని వారి వాదము. మొదటి బృందము తన పద్ధతిని సమర్థించుకొన్నది. నాకు మాత్రము ఆక్షేపణయే బలముగా తోస్తున్నది.

అయితే ఇంతకంటె పెద్ద లోపము మొదటి వ్యాసములోనే వున్నది. పోలిక కొరకు ఆరోగ్యవంతులు 12 మందిని పరీక్షిస్తే తేడా కనబడినది 9 మందిలోనే. తక్కిన ముగ్గురికి తెలివి లేదనగలమా? కనుక "జవాబు రాలేదు" అనే ఫలితమును "తెలివి లేదు" అని చదువరాదు. చికిత్స కొనసాగించాలా, మానాలా అని కుటుంబమువారు తేల్చుకొనే వేళ ఈ రెండు మాటల మధ్య దూరము చాల పెద్దది.

2024లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' ప్రకటించిన పరిశోధన ఈ దూరమును అంకెలలో చూపినది. ఇందులో విద్యుత్తరంగాలతో పాటు ఎమ్.ఆర్.ఐ. యంత్రమును కూడ వాడినారు. ఆజ్ఞకు పైకి ఏ స్పందనా చూపని 241 మందిలో 60 మంది మెదడు జవాబిచ్చినది. చెప్పిన పనిని అందరి ఎదుట చేసి చూపగల రోగులు మరి 112 మంది. వారిలో యంత్రాలకు జవాబు దొరికినది 43 మంది వద్దనే.