బామ్మ తరవాత శివయ్యకి ఎవరు?

వైకల్యం ఉన్న పిల్లల గురించి మన అమెరికా తెలుగు ఇళ్ళలో మాట వస్తే, ఎవరో ఒకరు రెండు సినిమాల పేర్లు ఎత్తుతారు. 1986లో వచ్చిన కె. విశ్వనాథ్ గారి ‘స్వాతిముత్యం’ ఒకటి, 1988 నాటి ‘రెయిన్ మ్యాన్’ రెండోది. రెండింటిలోనూ కథానాయకుడు చిన్నపిల్లాడు కాదు, ఎదిగిన మనిషి. రెండు కథల్లోనూ అతని బాధ్యత మోసిన పెద్దవాళ్ళు పోతారు. ఇరవయ్యో పడికి దగ్గరవుతున్న పిల్లలున్నవాళ్ళు వీటిని నటన కోసమే కాక, ఒక ప్రశ్న పెట్టుకుని మళ్ళీ చూడాలి: మన తరవాత వీడికి ఎవరు?

‘స్వాతిముత్యం’లో కమల్ హాసన్ నటన గురించి నేను కొత్తగా చెప్పనక్కరలేదు. నాకు నచ్చేది ఇంకొకటి. ఏ అద్భుతమూ జరగదు. శివయ్య చివరిదాకా శివయ్యలాగే ఉంటాడు. ఉద్యోగం ఇప్పించమని ఒకాయన వెంటపడి వదలని సన్నివేశానికి మనం నవ్వుతాం కానీ, పని కావాలన్న ఆ కోరిక నిజమైనది. ఇబ్బందల్లా, బామ్మ మోసిన బరువంతా లలిత మీదికి రావడం. సీతారాముల కల్యాణంలో ఆమెని అడగకుండానే తాళి కట్టేశాడు. వితంతువు కష్టం, శివయ్య కష్టం ఒకే ముడితో తీరిపోయాయని కథ మనల్ని నమ్మిస్తుంది. “పెళ్ళి చేస్తే వాడే కుదురుకుంటాడు” అనే మాట మన ఇళ్ళలో ఇప్పటికీ వినిపిస్తుంది. వచ్చే పిల్ల సంగతి ఎవరూ అడగరు. శివయ్యే ఆడపిల్ల అయి ఉంటే ఈ కథ ఎలా నడిచేదో ఆలోచించండి. ప్రోగ్రాములు రాసేవాణ్ణి గనక నాకు ఇంకోటి తోస్తుంది: ఒక్కరు లేకపోతే అంతా ఆగిపోయేదాన్ని మా వృత్తిలో ఏర్పాటు అనరు.

‘రెయిన్ మ్యాన్’లో మనవాళ్ళకి గుర్తుండేది రేమండ్ లెక్కల చాతుర్యం, లాస్ వేగస్ పేకాట. ఆటిజం ఉన్న ప్రతి కుర్రాడిలోనూ ఏదో అపూర్వశక్తి దాగి ఉంటుందన్న భ్రమ అలాగే పుట్టింది. ఆ సినిమా చేసిన మేలు మాత్రం ఎవరూ గమనించరు. తండ్రి ముప్ఫై లక్షల డాలర్లని రేమండ్ చేతికి ఇవ్వకుండా ట్రస్టులో పెట్టి, ఇంకొకరికి అప్పగించాడు. తమ్ముడు చార్లీకి ఒళ్ళు మండించిన ఆ వీలునామా మనం శ్రద్ధగా చదవదగ్గది. ఈ దేశంలో ఎస్‌ఎస్‌ఐ భత్యం పొందే మనిషి పేర లెక్కలోకి వచ్చే ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు. 1989 నుంచీ అదే అంకె. ఊళ్ళో తాతగారు ముచ్చటపడి మనవడి పేర రాసిన ఎకరం పొలం ఇక్కడ అతనికి చేటు తేవచ్చు. ప్రత్యేక అవసరాల ట్రస్టు, 2014 చట్టంతో వచ్చిన ఏబుల్ ఖాతా ఉన్నవి ఇందుకే.

ముగింపు దగ్గర నాకు పేచీ ఉంది. రేమండ్ రైలెక్కి తిరిగి సంస్థకే వెళ్ళిపోతాడు. అదే అతనికి మంచిదని సినిమా తేలుస్తుంది. జనం మధ్య బతకగలిగి, బతకాలనుకునే మనిషిని అనవసరంగా సంస్థలో ఉంచడం వివక్షేనని 1999లో ఓమ్‌స్టెడ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇల్లా, సంస్థా అన్న రెండే దారుల కథ ఆ తీర్పుతో పాతబడింది. తోడు మనిషి సాయంతో చిన్న అపార్ట్‌మెంటు, గ్రూప్ హోమ్, పని నేర్పే జాబ్ కోచ్ – ఇవన్నీ ఉన్నాయి. కావాలన్నవాళ్ళకల్లా దొరకవు, అంతే.

ఎందుకు దొరకవన్నది ఈ రెండు సినిమాల్లోనూ లేదు. 1975 నాటి చట్టం వల్ల బడి ఈ పిల్లలకి హక్కు. బస్సు, స్పీచ్ థెరపీ లాంటివి అవసరమైతే బడే చూసుకోవాలి. చాలా రాష్ట్రాల్లో 21, 22 ఏళ్ళకి అది ముగుస్తుంది. మిషిగన్‌లో 26 దాకా ఉంటుంది. ఆ తరవాతి సేవలకి అర్హత ఉండాలి, నిధులుండాలి, వరసలో నిలబడాలి. మెడికెయిడ్ వేవర్ కోసం కొన్ని రాష్ట్రాల్లో ఏళ్ళ తరబడి ఆగాలి. పైగా ఏ రాష్ట్రం వరస ఆ రాష్ట్రానిదే. మంచి ఉద్యోగం వచ్చిందని ఇల్లు మారితే, కొత్త చోట మళ్ళీ మొదటినుంచి నిలబడాలి.

మనవాళ్ళకి దీనిమీద ఇంకొకటి. హెచ్-4 వీసా మీద వచ్చిన పిల్లలకి 21 నిండితే ఆ వీసా చెల్లదు. గ్రీన్‌కార్డు వరసలో పదేళ్ళకి పైగా ఉన్న భారతీయులు ఎందరో. తోటి పిల్లలు కాలేజీ వీసాకి మారతారు. కాలేజీ చదువు సాగని పిల్లవాడు దేనికి మారాలి? బడి, వీసా దాదాపు ఒకే ఏడు ముగిసే ఆ ఇంటి కథ మన డయాస్పొరా సాహిత్యంలో నేనింతవరకు చదవలేదు.

ఊరి మీద బెంగ గురించి, పిల్లలకి రాని తెలుగు గురించి, డాలర్ల గురించి మన కథకులు బాగానే రాశారు. వైకల్యం ఉన్న పిల్లలు కనిపించిన కథలు, నేను చదివినంతలో, తల్లి త్యాగం దగ్గర ఆగిపోతాయి. త్యాగం గొప్పదే, కానీ తల్లికీ వయసు వస్తుంది. అలాంటి కథల్లో పిల్లవాడికి మాట ఉండదు. ఇక్కడి చట్టం మాత్రం 16 ఏళ్ళు వచ్చేసరికి బడి తరవాత ఏం చెయ్యాలో ప్రణాళిక రాయమంటుంది. ఆ సమావేశానికి విద్యార్థిని పిలవమంటుంది, అతని ఇష్టాలు లెక్కలోకి తీసుకోమంటుంది. నీకేం కావాలని శివయ్యని నేరుగా అడిగే కథ మనవాళ్ళు ఎవరైనా రాస్తే, ఆ కుటుంబాలకి ‘స్వాతిముత్యం’ కన్నా ఎక్కువ పనికొస్తుంది.