హద్దులు లేని దస్తావేజు

జార్జ్ స్కారియా వర్గీస్ చనిపోయాడు. అతని తరఫున సూసన్ వర్గీస్ చైనా సదరన్ ఎయిర్‌లైన్స్ మీద దావా వేసింది. ఇంతవరకూ బాగానే ఉంది. కాసేపటికి అనీష్ వర్గీస్ అనే ఇంకొకాయన ఊడిపడతాడు. బ్యాంకాక్ నుంచి గ్వాంగ్‌జౌ మీదుగా న్యూయార్క్ వెళ్ళాల్సినవాడు, ఉన్న సీట్లకంటే ఎక్కువ టికెట్లు అమ్మడంతో విమానం ఎక్కలేకపోయాడట. మరి చనిపోయిన జార్జ్ సంగతి? ఊసే ఉండదు. చాప్టర్ 7 కింద వేసిన దివాలా పిటిషన్ తర్వాతెప్పుడో చాప్టర్ 13 అయిపోతుంది. ఏదీ తేలకుండానే రాత ఆగిపోతుంది.

ఇదేదో ప్రయోగాత్మక కథ కాదు. అమెరికాలో పదకొండవ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు 2019లో ఇచ్చినట్టుగా చాట్‌జీపీటీ అల్లిన తీర్పు. కొలంబియాకి చెందిన ఏవియాంకా విమానంలో సర్వింగ్ కార్ట్ మోకాలికి తగిలిందని రాబర్టో మాటా అనే ప్రయాణికుడు వేసిన కేసులో, ఆయన లాయర్లు దీన్నీ ఇలాంటివే ఇంకొన్నిటినీ న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో దాఖలు చేశారు. 2023 జూన్‌లో జడ్జి కెవిన్ క్యాస్టెల్ 5,000 డాలర్ల జరిమానా వేసి, ఈ దొంగ తీర్పుని తన ఉత్తర్వుకి అనుబంధంగా జతచేశారు. అందుకే ఇవాళ దీన్ని ఒక రచనగా చదివే అవకాశం మనకి దొరికింది.

దీని గురించి మాట్లాడేవాళ్ళందరూ 'హాలూసినేషన్' అంటారు. వృత్తిరీత్యా ఈ సరంజామా మధ్యే బతికేవాడిగా నాకా మాట నచ్చదు. భ్రాంతి అంటే మిగతా సమయంలో ఉన్నది ఉన్నట్టు కనపడుతుందని కదా. ఇక్కడ అలాంటిదేం లేదు. ఒప్పు చెప్పినా తప్పు చెప్పినా ప్రోగ్రాం చేసేది ఒకటే: ఇప్పటిదాకా ఉన్న మాటల తర్వాత ఏ మాట వస్తే అతుకుతుందో చూసి పెట్టడం. వర్గీస్ నిజం కేసేనా అని ఆ లాయరు దాన్నే అడిగాడు. నిజమే, వెస్ట్‌లాలోనూ లెక్సిస్‌లోనూ దొరుకుతుందంది. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న లాయరు సాక్షిని ఆ సాక్షి చేతే రుజువు చేయించుకున్నాడు!

శైలి మాత్రం అచ్చు తీర్పే. వాక్యం వాక్యంగా చూస్తే వంక పెట్టడం కష్టం. పోయింది మనుషుల దగ్గర. ఎవరు చనిపోయారో గుర్తుంచుకునేవాడు ఆ రాత వెనక లేడు.

కోర్టు భాష అంతా మూసే, అందుకే మెషీన్‌కి పట్టుబడిందనొచ్చు. కానీ మన క్రయ దస్తావేజులు చూడండి. 'సదరు', 'ఇందుమూలముగా', 'నాకు గానీ నా వారసులకు గానీ'... ఏ ఊరి దస్తావేజైనా ఒకే గొంతుతో మాట్లాడుతుంది. దాన్ని మీ స్థలం దస్తావేజు చేసేది మాత్రం కింద షెడ్యూలు: సర్వే నంబరు, తూర్పున ఫలానావారి ఇల్లు, పడమర పంచాయతీ రోడ్డు. వెళ్ళి చూస్తే ఆ రోడ్డు అక్కడ ఉండాలి. తీర్పుల్లో సైటేషన్ అలాంటి హద్దు. వర్గీస్ కేసుకి ఇచ్చిన సంపుటం, పేజీ పట్టుకుని వెళితే ఇంకో కోర్టు ఇచ్చిన, ఏ సంబంధమూ లేని తీర్పు మధ్యలో తేలతాం. హద్దులు రాశారు, పొలం వేరేవాళ్ళది.

ఇంటికొచ్చిన లాయర్ నోటీసుని చాట్‌బాట్‌కి చూపించి, ఇదేంటో తెలుగులో చెప్పమనేవాళ్ళని నేను తప్పుపట్టను. కాగితం చేతిలో ఉంది, పోల్చి చూసుకోవచ్చు. కానీ అక్కడా ఒక చిక్కుంది. 'లీవ్ గ్రాంటెడ్' అన్న కోర్టు మాటని మెషీన్ హిందీలో సెలవు దొరికిందని అనువదించిందని జస్టిస్ చంద్రచూడ్ ఒక సందర్భంలో చెప్పారు. అప్పీలుకి అనుమతి ఇచ్చామని దాని అర్థం. రెండు భాషలూ వచ్చినవాళ్ళం కాబట్టి నవ్వుకున్నాం. సుప్రీంకోర్టు తీర్పులు ఇప్పుడు తెలుగులోనూ వస్తున్నాయి. 'సెలవు మంజూరైంది' అని తెలుగులో మాత్రమే చదివే కక్షిదారు ఏమనుకుంటాడు? మళ్ళీ వాయిదా పడిందనుకుని బస్సెక్కుతాడు. పోల్చుకోడానికి అతని దగ్గర రెండో కాగితం లేదు, ఉన్నా చదవలేడు.

మాటా విషయానికొస్తే, అంతర్జాతీయ విమాన ప్రయాణాల్లో తగిలిన దెబ్బలకి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం రెండేళ్ళలోపు దావా వేయాలి. ఆయనకి ఆ గడువు దాటిపోయింది. దివాలా తీస్తే గడువు ఆగుతుందని చెప్పే పాత తీర్పు ఒకటి ఆయన లాయర్లకి కావాలి. వర్గీస్ దివాలా కథ పుట్టింది ఆ అవసరంలోంచే. జరిమానా పడిన రోజే, గడువు దాటిందన్న కారణంతో మాటా కేసు కూడా కొట్టేశారు.