పూడిక ఎత్తాకే ఫొటో

అక్టోబరు 2, గాంధీ జయంతి వస్తోందంటే కాలేజీల్లో చీపుళ్లకు ఎక్కడలేని గిరాకీ. అటెండరు పొద్దున్నే ఊడ్చిపెట్టిన వరండాలోనే మళ్లీ నాలుగు చీపుళ్లు ఆడతాయి. ఫొటో అయిపోగానే అందరూ టిఫిన్లకు వెళ్లిపోతారు.

ఆ మహానుభావుడి పేరిట మన విద్యార్థులకు ఇంతకంటే గట్టి పని ఎప్పుడో అప్పజెప్పారు. గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు జాతీయ సేవా పథకాన్ని ప్రారంభించారు. 37 విశ్వవిద్యాలయాలు, 40 వేల మంది విద్యార్థులు. అదే మన ఎన్‌ఎస్‌ఎస్. ఏటా 120 గంటల చొప్పున రెండేళ్ల సేవ, దత్తత గ్రామంలో ఏడు రోజుల క్యాంపు.

నేను ప్రోగ్రామ్ ఆఫీసరుగా ఉన్నప్పుడు ఒక ఊళ్లో మురుగుకాలువ పూడిక తీయిస్తున్నాం. అరుగు మీద కూర్చున్న పెద్దాయన కాసేపు చూసి, ‘‘పంతులుగారూ, పల్లం వైపు నుంచి తీయించండి. లేకపోతే నీళ్లు కదలవు. తీసింది గట్టున వదిలేశారా, ఒక్క వానకే మళ్లీ కాలవలోకి దిగుద్ది’’ అన్నాడు. అప్పటి నుంచి వరస మార్చాం. ఇద్దరు పార పడితే మిగతావాళ్లు తట్టలు చేతులు మార్చుకుంటూ ట్రాక్టరుదాకా చేర్చేవాళ్లు. తడి పూడిక ఎంత బరువో, అది జారి మెడ మీద పడితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది పిల్లలకు.

మొదటిరోజు ఎవరో ఒకరు గొణుగుతారు, ‘‘ఇది మన పనా సార్?’’ అని. 1901 కలకత్తా కాంగ్రెస్ సభల్లో వాలంటీర్లు గాంధీతో అన్నదీ ఇదే. మరుగుదొడ్లు పాకీవాళ్ల పని అన్నారు. ఆయన చీపురు అడిగి తీసుకుని తన వంతు కడుక్కున్నాడు. నూరేళ్లు దాటినా ఆ ప్రశ్న ఇంకా బతికే ఉంది. ఎవరి కులం ఏ పని చెయ్యాలన్న లెక్క దాని వెనకే ఉంది. అది పాఠంతో పోదు. పార పడితే కొంతైనా కదులుతుంది.

సర్టిఫికెట్ కోసం వస్తారండీ అని పెదవి విరిచే సహోద్యోగులున్నారు. రానివ్వండి. కాలవ శుభ్రపడిందా లేదా అన్నదే ఊరికి కావాలి.

ఈసారి జయంతికి ప్రిన్సిపాళ్లకు ఒక మనవి. వరండా వదిలేసి పిల్లల్ని పక్క వీధి కాలవ దగ్గరికి పంపండి. ఫొటో వద్దనను, పూడిక ఎత్తాక తీసుకోండి.