నోటిపూత అనే ఒక్క మాట

జంషెడ్‌పూర్ అగ్రికోలో మా వీధిలో ఎవరికైనా జ్వరం వచ్చి పెదవి అంచున నీటిపొక్కులు లేస్తే రెండు తీర్పులు వినిపిస్తాయి. తెలుగింటి మామ్మ "వేడి చేసింది" అంటుంది. పక్కింటి హిందీ ఆవిడ "మకడీ" అంటుంది, అంటే సాలీడు పాకిందని. నవ్వకండి. మన సైన్సు రచయితలు చేస్తున్నదేమిటి? పెదవి మీది పొక్కులకూ, బుగ్గ లోపలి పుండుకూ, పసిపిల్లల నోట్లోనూ అరచేతుల్లోనూ లేచే పొక్కులకూ కలిపి 'నోటిపూత' అని రాసేస్తున్నాం. నేనూ తక్కువ తినలేదు. 'కోల్డ్ సోర్'ను ఒకసారి 'జలుబు పుండు' అని అనువదించాను. జలుబు తెచ్చే వైరస్‌లు వేరు, ఇది వేరు అని తెలిసి కూడా!

మాట తప్పితే ఏం మునిగిందంటారా? మందు తప్పుతుంది. బుగ్గ లోపల, నాలుక కింద వచ్చే తెల్లటి గుంటపుండు అంటుకునేది కాదు. దానికి డాక్టర్లు స్టెరాయిడ్ పూత ఇస్తుంటారు. అదే పూత హెర్పిస్ పొక్కులకు రాస్తే వైరస్‌తో పోరాడే శరీర రక్షణను అణచినట్టవుతుంది. 'నోటిపూతే కదా' అని పొక్కులున్న పెదవులతో పురిటిబిడ్డను ముద్దాడితే ఆ బిడ్డ ప్రాణానికే ముప్పు రావచ్చు.

అసలు సంగతి ఇది. హెర్పిస్ సింప్లెక్స్ ఒకటో రకం వైరస్ చాలామందిలో చిన్నతనంలోనే లాలాజలం ద్వారా చేరుతుంది. నరాల వెంట పైకి పాకి, ముఖానికి స్పర్శజ్ఞానాన్నిచ్చే నాడీకణాల ముడిలో నిద్రపోతుంది. జ్వరం, తీవ్రమైన ఎండ, అలసట దాన్ని లేపుతాయి. అది వచ్చిన దారినే తిరిగి పెదవికి వస్తుంది. అందుకే పొక్కులు దాదాపు ప్రతిసారీ అదే చోట లేస్తాయి. మామ్మ మాట పూర్తిగా తప్పు కాదన్నమాట. నిద్ర లేపినదాన్ని ఆవిడ చూసింది, నిద్రపోతున్నదాన్ని చూడలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 అంచనా ప్రకారం 50 ఏళ్ల లోపువారిలో 380 కోట్ల మందికి, అంటే నూటికి 64 మందికి, ఈ వైరస్ ఉంది. కాలేజీ కుర్రాళ్లు 'హెర్పిస్' అనగానే గుసగుసలాడటం ఎంత అన్యాయమో ఈ అంకె చూస్తే తెలుస్తుంది. మందు లేకపోలేదు. గెర్ట్రూడ్ ఎలియన్ (1988 నోబెల్ గ్రహీత) బృందం కృషితో వచ్చిన ఎసైక్లోవిర్ వైరస్ సంతతిని అడ్డుకుంటుంది. పొక్కులు లేచే ముందు పెదవి చురచురమన్నప్పుడే మొదలుపెడితే మేలు. నిద్రలో ఉన్న వైరస్‌ను మాత్రం అది తాకలేదు.

మరి తెలుగులో ఏమనాలి? గ్రీకులో 'హెర్పిస్' పుట్టిన ధాతువుకూ, సంస్కృతంలో 'సర్పం' పుట్టిన ధాతువుకూ మూలం ఒకటే, పాకడం. మన 'సర్పి' ఆ కుటుంబపు మాటే. భలే కుదిరిందనిపిస్తుంది కానీ, జనం సర్పి అనేది నడుము చుట్టూ పట్టీలా లేచే మరో జబ్బును. దాని వైరస్ దీనికి బంధువే, ఇదే కాదు. మళ్లీ రెంటినీ ఒక గాటన కట్టడం నాకిష్టం లేదు. 'పెదవి హెర్పిస్' వినడానికి అందంగా లేదు, అయినా నేను అదే రాస్తాను.